మెట్ట చేలో రెండు ఇనుప పరమాణువులు

తుళ్లూరు వైపు పొలం మాట వస్తే ముందు అడిగేది జరీబా, మెట్టా అనే. 2015లో రాజధాని అమరావతి కోసం భూసమీకరణ జరిగినప్పుడు కౌలు కూడా ఆ లెక్కనే కట్టారు: మెట్ట ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు. కృష్ణ ఒడ్డు జరీబులో కూరగాయలు, అరటి పండితే, పత్తీ మిరపా మెట్టలో నల్లరేగడి మీద పండాయి.

ఆ నల్లరేగడికి ఒక తిక్క ఉంది. 50 కిలోల డీఏపీ బస్తాలో P2O5 రూపంలో 23 కిలోల భాస్వరం ఉన్నట్టు లెక్క. చల్లిన కొన్నాళ్లకే అందులో చాలా భాగాన్ని నేలలోని సున్నం పట్టేసి, కరగని రాయిలా మార్చేస్తుంది. ఇంకొంత భాస్వరం కుళ్లిన ఆకుల్లో, పశువుల ఎరువులో, పాత వేళ్లలో పెద్ద అణువులకు అతుక్కుని ఉంటుంది. అందులోంచి ఫాస్ఫేటు ముక్క విడివడితేనే మొక్క తాగగలదు.

విడదీయడం ఎంత కష్టమంటే, డీఎన్ఏను కలిపి ఉంచే ఫాస్ఫేటు బంధాల్ని మామూలు వేడిలో నీళ్లలో వదిలేస్తే, వాటిలో సగం తెగడానికి సుమారు 3 కోట్ల ఏళ్లు పడుతుంది. పంట అంతకాలం ఆగదు కదా. అందుకే భాస్వరం కరువైన మొక్క వేళ్ల నుంచి ఫాస్ఫటేజ్ అనే ఎంజైములను మట్టిలోకి వదులుతుంది. వాటిలో ఒక కుటుంబానికి వంకాయ రంగు. రసాయన శాస్త్రజ్ఞులు వాటిని పర్పుల్ యాసిడ్ ఫాస్ఫటేజులు అంటారు.

ఆ రంగు ఇనుముది. ఎంజైము గర్భంలో రెండు లోహ పరమాణువులు పక్కపక్కనే కూర్చుంటాయి. ఒకటి ఎప్పుడూ ఇనుమే. రెండోది జంతువుల్లో ఇనుము, రాజ్మా గింజలో జింకు. రాజ్మా ఎంజైము లోపలి ఆకృతిని 1995లో జర్మనీలోని మున్‌స్టర్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. పంది గర్భాశయ ద్రవంలో దొరికే ఎంజైము ఇంకా చిత్రమైనది: వంకాయ రంగులో ఉన్నంతసేపూ పనిచేయదు, ఒక ఇనుముకు ఒక ఎలక్ట్రాన్ అందగానే గులాబీ రంగుకు మారి పనిలోకి దిగుతుంది. మన ఎముకలను అరగదీసి సరిచేసే కణాల్లోనూ దీని బంధువే ఉంది.

పని తీరు కత్తిపీట ముందు కూర్చున్నట్టే. ఒక లోహం ఫాస్ఫేటును కదలకుండా పట్టుకుంటుంది. మూడు ధనావేశాల ఇనుము నీటి అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను ఊడదీస్తుంది, మిగిలిన హైడ్రాక్సైడే కత్తి. అయితే రెండు లోహాల మధ్య వంతెనలా ఉన్న హైడ్రాక్సైడ్ కోస్తుందా, ఒక్క ఇనుముకే అంటుకుని ఉన్నది కోస్తుందా? ఈ వాదన చాలాకాలం నడిచింది. వేల పరమాణువుల ప్రోటీను లోపల ఒక్క హైడ్రాక్సైడ్‌ను వేరుచేసి చూడటం తేలిక కాదు మరి.

అందుకే కొందరు ప్రోటీనును పక్కనపెట్టి, ఆ నడిమి భాగాన్ని మాత్రమే గాజు సీసాలో కట్టుకున్నారు. బ్రెజిల్‌లోని శాంటా కతరీనా ఫెడరల్ విశ్వవిద్యాలయంలో అదెమిర్ నెవెస్ బృందం కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లతో ఒక చిన్న పంజరం అల్లింది. దాని రెండు వైపులూ ఒకలా ఉండవు, ఒక్కో వైపు ఒక్కో రకం లోహానికి నచ్చేలా ఉంటుంది. రెండో ఇనుము స్థానంలో జింకు, నికెల్, కోబాల్టు, రాగి మార్చి మార్చి పెట్టి చూశారు. కోయడానికి ఇచ్చిన ఫాస్ఫేటుకు ముందే రంగుల ముక్కలు తగిలించారు. బంధం తెగితే ద్రావణం పసుపు రంగుకు మారుతుంది, ఎంత త్వరగా మారితే అంత త్వరగా తెగినట్టు. అసలు ఎంజైముతో పోలిస్తే ఈ నమూనాలు నత్తనడకే. అయినా ఒక్కొక్క భాగాన్నే మార్చి చూసే వీలు వీటిలో ఉన్నంతగా ప్రోటీనులో ఉండదు.

తెగిన ఫాస్ఫేటును లెక్కపెట్టే తొలి నమ్మకమైన పద్ధతుల్లో ఒకటి మనవాడిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని ప్రచురించారు. ద్రావణంలో మాలిబ్డేటు కలిపి, తగిన క్షయకరణ పదార్థం చేరిస్తే ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత చిక్కటి నీలం వస్తుంది. ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో పట్టుకున్నారు.

పత్తి, మిరప రైతు కొట్టే మందుల్లోనూ ఫాస్ఫేటు కుటుంబం పెద్దది: క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్. వాటిని కోసే ఎంజైములు వేరు, ఇవి నేల బ్యాక్టీరియాలో ఉంటాయి. అక్కడా లోహాలు జంటగానే ఉంటాయి, కాకపోతే తరచు జింకు. శాస్త్రవేత్త దయానంద సిద్దవట్టం బృందం ఆ ఎంజైము జన్యువు బ్యాక్టీరియాలో చోటు మార్చుకోగల అమరికలో ఉందని చూపింది.

2015లోనే దేశమంతా భూసార కార్డులు మొదలయ్యాయి. తుళ్లూరు మెట్ట మట్టి తీసుకెళ్లినా పరీక్షలో భాస్వరం తేల్చేది ఆ మాలిబ్డేటు నీలమే. కార్డులో భాస్వరానికి ఒక గడి, ఇనుముకు ఇంకో గడి. వేళ్లు వదిలే ఫాస్ఫటేజ్‌కు మాత్రం అందులో గడి లేదు.