మీకు తెలుసా? ఒకే రోజున అక్కడ గాలం, ఇక్కడ తాళం

జూన్ 16 కోసం ఇంగ్లండులో గాలం సరదా ఉన్నవాళ్లు వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంటారు. అక్కడి నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం వేయకూడదు. సాల్మన్, ట్రౌట్ చేపలకు వేరే నియమాలు ఉన్నాయి. ఈ మూడు నెలల విరామం రోచ్, చబ్, బార్బెల్ లాంటి మామూలు ఏటి చేపలది. గడువు తీరే రాత్రి కొందరు పన్నెండు ఎప్పుడు కొడుతుందా అని ఒడ్డునే కాచుకుని ఉంటారు. సరిగ్గా అదే జూన్ 16న మధ్యప్రదేశ్‌లో నదులకు తాళం పడుతుంది. 1972 నాటి ఆ రాష్ట్ర నదీ మత్స్య నియమాల ప్రకారం ఆగస్టు 15 వరకు వేట బందు.

◆

మధ్యప్రదేశ్ నియమంతో సూరత్‌లో ఉన్నవాళ్లకు ఏం పని అంటారా? తాపీ నది పుట్టేది అక్కడే. బేతుల్ జిల్లా ముల్తాయిలో మొదలై, మహారాష్ట్ర మీదుగా సుమారు 724 కిలోమీటర్లు పారి, సూరత్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. తెలుగువాళ్లకు ఈ నది పేరు సూరత్ మగ్గాలకంటే చాలా ముందే తెలుసు. మహాభారతం ఆదిపర్వంలో తపతీ సంవరణుల కథ ఉంది కదా, ఆ సూర్యపుత్రి తపతే ఈ తాపి అని పురాణాలు చెబుతాయి. ఆమె కొడుకు కురువు.

చేపల వేట మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని విషయం. కాబట్టి ఒకే నది మూడు రాష్ట్రాల్లో మూడు నియమాల కింద పారుతుంది. గుడ్లతో నిండిన చేపకు ఏ ఊళ్లో ఎవరి చట్టం నడుస్తోందో తెలిసే వీలు లేదు.

◆

ఈ విరామం ఇంగ్లండులో వసంతంలో, ఇక్కడ వానాకాలంలో ఎందుకు? చల్లటి దేశంలో నీళ్లు వెచ్చబడ్డాక చేపలు గుడ్లు పెడతాయి. మన శీలావతి, బొచ్చె, ఎర్రమోసులకు కావలసింది వరద. నైరుతి వానలకు ఏరు పొంగి గట్ల పక్క పల్లాల్లోకి నీరు పాకితే, ఆ పలచటి నీళ్లలో గుడ్లు వదులుతాయి. శీలావతి కిలో బరువుకు రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది. అవి ఒక్క రోజులోపే పిల్లలవుతాయి. లక్షల్లో పుట్టినా పెద్దయ్యేవి కొద్దే. వరదకు ఎదురీదే ఆ వారాల్లో ఒక తల్లి చేప వలలో పడితే పోయేది కూరకు సరిపడా మాంసం మాత్రమే కాదు.

◆

సముద్రం లెక్క ఇంతకంటే తేలిక. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, రెండుచోట్లా 61 రోజులు మరపడవలు కదలకూడదు. 2015కు ముందు ఈ గడువు ఇంకా తక్కువ. సూరత్ పక్కన హజీరా, డుమస్ వైపు సముద్రం మూతపడినప్పుడు కాకినాడ, విశాఖ రేవుల్లో ఇంకా నిషేధం సాగుతుంటుంది. అక్కడ మళ్లీ తెరిచేసరికి ఇక్కడ తలుపులు మూసి రెండు వారాలవుతుంది.

మరి సముద్రానికి ఉన్న ఈ పట్టింపు ఏటికి ఎందుకు లేదు? నా అనుమానం ఒకటే. సముద్రంలో మరపడవలుంటాయి, రేవులుంటాయి, లెక్కలుంటాయి. ఏటి ఒడ్డున ఒక మనిషి, ఒక వల. అతన్ని పట్టుకోవడమూ కష్టమే, అతనికి పరిహారం ఇవ్వాలన్న ఆలోచన రావడమూ కష్టమే.

◆

ఇక మన ఇంటి సంగతి. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద బతుకుతున్న తెలంగాణ పద్మశాలి కుటుంబాలను అడగండి, మృగశిర కార్తె ఎప్పుడో క్యాలెండరు చూడకుండా చెబుతారు. జూన్ 8 ప్రాంతంలో కార్తె ప్రవేశించిన రోజున చేపల కూర తినకపోతే ఏదో లోటు. అదే రోజుల్లో హైదరాబాద్ నాంపల్లిలో ఉబ్బసం వాళ్లకు కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి చేప ప్రసాదం మింగిస్తారు. చేపల కూర తొలకరికి ఒంట్లో వేడి పుట్టాలని పెద్దలు పెట్టిన ఆచారం అంటారు. బాగానే ఉంది. కానీ చేప కడుపులో జన నిండే కాలమూ అదే. కూరలో జన పడితే ఇంట్లో పిల్లలు దానికోసమే కొట్టుకుంటారు!

అయితే ఆ కూర తిన్నవాళ్లంతా నదికి ద్రోహం చేసినట్టు కాదు. ఈ రోజు మార్కెట్లో దొరికే బొచ్చె, శీలావతి చాలావరకు చెరువుల్లో పెంచినవి. దానికి కారణం 1957 జూలై 10. చెరువులో నిలిచిన నీటిలో ఈ చేపలు తమంతట తాము గుడ్లు పెట్టవు. ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేపల పీయూష గ్రంథి నుంచి తీసిన హార్మోన్ ఇంజెక్షనుతో వాటి చేత గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా చేపపిల్ల కావాలంటే వరదలో వలకట్టి నది నుంచే పట్టుకోవాలి. జూలై 10ని ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నాం. కాబట్టి చెరువుకు విరామం అక్కర్లేదు. మధ్యప్రదేశ్ నియమం కూడా ఏ నదికీ వాగుకూ కలవని చిన్న చెరువులను వదిలేసింది.

◆

ఇంగ్లండులోనూ చివరకు అదే జరిగింది. ఈ విరామాన్ని తెచ్చింది 1878లో షెఫీల్డ్ ఎంపీ ఏ.జే. ముండెల్లా. ఆయన నియోజకవర్గంలో కత్తులు, కటార్లు చేసే కార్మికులకు ఆదివారం గాలం పట్టుకుని ఏటికి పోవడమే వినోదం. చేపలు తగ్గిపోతుంటే బాధపడిందీ వాళ్లే, నిషేధం అడిగిందీ వాళ్లే. నూటపదిహేడేళ్ల తర్వాత 1995లో చాలా చెరువులకు, 2000లో చాలా కాలువలకు దాన్ని ఎత్తేశారు. నదులకు మాత్రం ఉంచారు.

దాని మీద అక్కడ వాదన ఎప్పుడూ ఆగదు. గాలానికి పడిన చేపను తిరిగి నీళ్లలోనే వదిలేస్తున్నాం, ఇంకా విరామం ఎందుకని ఒకరు. బార్బెల్, చబ్ కొన్ని ఏళ్లలో జూన్ 16 తర్వాతే గుడ్లు పెడుతున్నాయి, తలుపు అప్పుడే తెరిచి ఏం లాభమని ఇంకొకరు. నాకైతే రెండో మాటలోనే బరువుంది. చేపకు తారీకులు తెలియవు. అయితే దాని అర్థం విరామం వద్దని కాదు, తేదీ సరిచూసుకోవాలని.

◆

ఇదంతా దొరల దగ్గర నేర్చుకున్నదేమీ కాదు. అశోకుడి ఐదవ స్తంభ శాసనం చదివితే, నిర్ణీత పౌర్ణములకు, వాటి ముందు వెనక తిథులకు, ఉపవాస దినాలకు చేపలను చంపనూ వద్దు, అమ్మనూ వద్దు అని ఉంటుంది. అమ్మవద్దు అన్న మాట గమనించండి. వలను ఆపాలంటే బజారును ఆపాలని క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే తెలిసిపోయింది. పన్నెండో శతాబ్దపు కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడైతే, తన మానసోల్లాసంలో గాలం వేటకే ఒక అధ్యాయం రాసి, ఏ చేపకు ఏ ఎర వేయాలో చెప్పాడు.

◆

ఇప్పుడు పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే గోదావరి జిల్లాల మాట వినని తెలుగువాడు సూరత్‌లో కూడా ఉండడు. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. అది వచ్చేది గుడ్లు పెట్టడానికే. అంటే మనం వేలు పోసి కొనే ఆ రుచి, సరిగ్గా వేట ఆపాల్సిన కాలంలో పట్టిన రుచి. గుజరాత్‌లోనూ ఇదే చేప భరూచ్ దగ్గర నర్మదలోకీ, ఇక్కడ తాపీలోకీ ఎక్కుతుంది. ఇక్కడి జాలర్లు దాన్ని మోదార్, పాల్వా అంటారు.

ఈ చేప విషయంలో పట్టుదల చూపింది బంగ్లాదేశ్. ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు దాని వేట పూర్తిగా ఆపుతారు. తేదీలు ఏటా ఒకటే కావు, ఆశ్వయుజ పౌర్ణమిని బట్టి జరుగుతాయి. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. చిన్న ఇలసలను పట్టకుండా వేరే నిషేధం ఉంది. 2002-03లో రెండు లక్షల టన్నులకు కాస్త తక్కువగా ఉన్న దిగుబడి 2017-18కి ఐదు లక్షలు దాటింది. ఘనత మొత్తం ఆ 22 రోజులదే అనలేం గానీ, బియ్యం ఇవ్వకుండా వల ఆపమంటే ఎవరూ ఆపరన్నది మాత్రం నిజం. ఆంధ్రప్రదేశ్ కూడా సముద్ర నిషేధ కాలానికి ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది.

◆

తాపీ దగ్గర మాత్రం విరామం ఒక్కటే సరిపోదు. 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ డ్యామ్, 1995లో ఊళ్లోనే రాందేర్, సింగణ్‌పోర్‌ల మధ్య అడ్డుకట్ట. సముద్రం నుంచి వచ్చే చేపకు మొదట తగిలేది చివర కట్టినదే. పైకి పోలేక దాని కింద గుమికూడిన చేపను పట్టడం కంటే సులువైన వేట లేదు. ఇలాంటి కట్టలు ఇలసకు చేసే నష్టాన్ని ఫ్రాన్సిస్ డే అనే అధికారి 1873లోనే భారత, బర్మా మంచినీటి చేపల మీద రాసిన నివేదికలో చెప్పాడు. చేపలకు దారి వదలమన్నాడు. ఆ తర్వాత వచ్చిన 1897 చేపల చట్టం విషం కలపడాన్ని, మందుగుండు పేల్చడాన్ని నేరం చేసింది. ఎంచుకున్న నీళ్లలో రెండేళ్లదాకా వేటను పూర్తిగా ఆపే నియమాలు చేసే అధికారమూ ఇచ్చింది.

ఉకాయ్ గేట్లు ఎత్తితే సింగణ్‌పోర్ అడ్డుకట్ట దగ్గర నీటిమట్టం ఆరు మీటర్లకు చేరుతుంది, పోలీసులు దాని మీదున్న కాజ్‌వేపై బళ్లు ఆపేస్తారు. 2006 ఆగస్టులో ఊరు ఊరంతా మునిగిన వరదను చూసినవాళ్లు ఆ వార్తను తేలిగ్గా తీసుకోరు. ఏటి చేపలకు విరామం పెట్టాలంటే సూరత్‌కు అంతకంటే మంచి తేదీ ఏముంది? కాజ్‌వే మీద బళ్లు ఆగిన రోజున, దాని కింద వలలు కూడా ఆగాలి. ఆ నెలా రెండు నెలలకు ఒడ్డున వల మడిచి కూర్చున్న మనిషికి ఇవ్వాల్సింది ముందే లెక్కగట్టి పెట్టుకోవాలి.