ఆ ట్యూన్ నాదే అనుకున్నా!

రెండు నెలలు పట్టింది. ఆఫీస్ పని అయ్యాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూర్చుని ఒక ట్యూన్ కట్టాను. ఫ్రెండ్ తీస్తున్న షార్ట్ ఫిల్మ్ కోసం. హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే నాకే ముచ్చటేసింది. ఆ ఆదివారం విజయవాడ వన్ టౌన్‌లో ఇంటికెళ్లినప్పుడు బాబాయ్‌కి వినిపించా. ఒకప్పుడు దసరా పందిళ్లలో ఆర్కెస్ట్రాకి గిటార్ వాయించిన మనిషి. సగం కూడా వినలేదు.

"బాగుందిరా. 'అన్నదమ్ముల అనుబంధం'లో అన్నదమ్ముల్ని కలిపే పాట లేదూ, దాన్ని కొంచెం స్లో చేశావ్, అంతేగా?"

ఆ సినిమా వచ్చింది 1975లో. నేను పుట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందు. చూడనేలేదు అన్నా. "సినిమా చూడకపోతే ఏం? సామారంగం చౌక్ దగ్గర మేడ మీద మేం రిహార్సల్ చేస్తుంటే పక్కనే చాప మీద నిద్రపోయేవాడివి కదరా" అన్నాడు. యూట్యూబ్‌లో వెతికి విన్నా. మొదటి లైన్ దాదాపు అదే. చెవులు వేడెక్కాయి.

అసలు అది తెలుగులో పుట్టిన బాణీ కూడా కాదు. సినిమా హిందీ 'యాదోం కీ బారాత్' (1973)కి రీమేక్. తెలుగులో సంగీతం చక్రవర్తి, బాణీ మాత్రం ఆర్.డి. బర్మన్‌ది. బొంబాయి నుంచి మద్రాసుకి, అక్కణ్నుంచి వన్ టౌన్ మేడ మీదకి, మేడ మీంచి నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చిందన్నమాట. ఆ హిందీ సినిమాలోనే గాజు గ్లాసు టింగ్‌మనే ఫేమస్ పాట ఒకటుంది. దాని ఎత్తుగడ వింటే 1969 నాటి 'ఇఫ్ ఇట్స్ ట్యూజ్‌డే, దిస్ మస్ట్ బి బెల్జియం' అనే ఇంగ్లిష్ సినిమా పాట గుర్తొస్తుంది. అయితే ఎత్తుగడ దాటాక బర్మన్ తన దారి తాను పట్టాడు. నేను మాత్రం రెండో లైన్ దాకా అదే దారిలో నడిచా, కళ్లు మూసుకుని.

ఇలా కళ్లు మూసుకుని నడిచినవాళ్లలో బీటిల్స్ జార్జ్ హారిసన్ కూడా ఉన్నాడు. 1970లో ఆయన పాట 'మై స్వీట్ లార్డ్' ప్రపంచమంతా మోగిపోయింది. అది 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల గ్రూప్ పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' బాణీయేనని మరుసటి ఏడాదే కేసు పడింది. 1976లో న్యూయార్క్ జడ్జి చెప్పిన తీర్పు నాకు నిద్ర పట్టనివ్వలేదు. హారిసన్ కావాలని కొట్టేశాడని ఆయన అనలేదు. విన్న పాట మనసు అడుగున ఉండిపోయి కొత్తదానిలా పైకొచ్చిందన్నాడు. అయినా తప్పు తప్పేనన్నాడు. అంటే, చాప మీద నిద్రపోయాను అన్నది నాకు సాకు కాదు.

లెడ్ జెప్పెలిన్ సంగతి వేరు. 1969లో వచ్చిన వాళ్ల 'హోల్ లాటా లవ్'లో మాటలు చాలావరకు విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ పాడిన పాటవే. డిక్సన్ 1985లో కోర్టుకెళ్లాడు. రెండేళ్లకి రాజీ కుదిరింది, తర్వాత ఆయన పేరు క్రెడిట్స్‌లో చేరింది. అదే బ్యాండ్ 'స్టెయిర్‌వే టు హెవెన్' మీద, స్పిరిట్ అనే బ్యాండ్ పాట 'టారస్'కి కాపీ అని వేసిన కేసు మాత్రం 2020లో అప్పీల్ కోర్టులో కూడా నిలవలేదు. గిటార్ పట్టిన ప్రతివాడి వేళ్లూ ఏదో ఒకరోజు మైనర్ కార్డ్ నుంచి ఒక్కో మెట్టూ కిందకి దిగుతాయి. మెట్లు ఎవరి సొంతం?

మన 'రాగం' గొడవ కూడా ఇదే. 'కాంతార' ఓటీటీలోకి వచ్చిన 2022 నవంబర్‌లో క్లైమాక్స్ చూసి "ఇదేంటి, పాట మారిపోయింది!" అని మీరూ అనుకునే ఉంటారు. కేరళ రాక్ బ్యాండ్ థైక్కుడం బ్రిడ్జ్, 'వరాహ రూపం' తమ 'నవరసం' పాటకి కాపీ అని కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. మాటలు అవే ఉంచి వేరే బాణీ పెట్టారు. స్టే తొలగాక పాతది తిరిగొచ్చింది. రాగాలు ఒకటే కాబట్టి పోలిక వచ్చిందన్నది సినిమా వాళ్ల వాదన. రాగం అందరిదీ, నిజమే. కానీ ఇటుకలు అందరివీ అయినంత మాత్రాన ఇల్లు అందరిదీ అయిపోదు కదా. ఏ స్వరం ఎక్కడ ఆగింది, ఏ గిటార్ ఎక్కడ విరుచుకుపడింది అన్నదగ్గరే అసలు పేచీ.

మరి జానపదమైతే? 2021లో 'సారంగ దరియా' హిట్టయినప్పుడు, ఆ పల్లె పాటను వెలుగులోకి తెచ్చింది తానేనని ఒక గాయని ముందుకొచ్చింది. ఆమె పాటకి యజమాని కాదు. ఆ బాధ మాత్రం నిజం. మా ఫీల్డ్‌లో ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, కానీ పైన రాసినవాడి పేరు చెరిపేస్తే ఊరుకోరు. పాట దగ్గరికొచ్చేసరికి ఆ మాత్రం మర్యాద ఎందుకో గుర్తుండదు.

ఫ్రెండ్‌కి ఫోన్ చేసి విషయం చెప్పా. "ఎవడు కనిపెడతాడ్రా?" అన్నాడు. బాబాయ్ పది సెకన్లలో కనిపెట్టాడు. పోనీ చివర్లో 'కృతజ్ఞతలు' అని కార్డ్ వేద్దామా అన్నాడు. కృతజ్ఞత వేరు, అనుమతి వేరు. లైసెన్స్ తీసుకునే డబ్బు మా బడ్జెట్‌లో లేదు, మా బడ్జెట్‌లో సగం బిర్యానీలకే పోయింది.

అందుకే మొదటి రెండు లైన్లూ తీసేశా. ఇప్పుడు పాట మూడో లైన్ నుంచి మొదలవుతోంది, కొంచెం కుంటుతూ. అది నాదేనని అనుకుంటున్నా. నిన్న రాత్రి బాబాయ్‌కి వాట్సాప్ చేశా. బ్లూ టిక్స్ పడ్డాయి. ఇంకా ఏమీ అనలేదు.