ఇరవై ఏళ్లకు చెల్లే కాగితం

“ఈ జులై 4కి అమెరికాకి 250 ఏళ్లు. కవర్ స్టోరీ నువ్వే రాయి” అన్నారు ఎడిటర్ గారు. 1890ల నుంచి 1945 దాకా ఆ దేశం సముద్రం దాటి దీవులు కలుపుకోవడం, సంస్కరణలు, రెండు ప్రపంచ యుద్ధాలు, నడుమ మహామాంద్యం, వీటితో అక్కడి జనజీవితం ఎలా మారిందో చెప్పాలట. మంగళవారం సాయంత్రానికి పేజీ ప్రెస్‌కి వెళ్లాలి. ఆయన ఈ మాట చెప్పింది శుక్రవారం.

లావుపాటి పుస్తకాలు నాలుగు ముందేసుకుని కూర్చున్నాను. శనివారం రాత్రయ్యేసరికి వాటన్నిటినీ పక్కకు నెట్టి ఒక్క కాగితం పట్టుకున్నాను. దాని పేరు అడ్జస్టెడ్ సర్వీస్ సర్టిఫికెట్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సిపాయిలకు అమెరికా ప్రభుత్వం రాసిచ్చిన బాండు. ఎల్ఐసీ ఎండోమెంట్ పాలసీ ఇంట్లో ఉన్నవాళ్లకి దీని సంగతి చిటికెలో అర్థమవుతుంది. తేడా ఒక్కటే: ఇక్కడ ప్రీమియం కట్టింది రూపాయలతోనో డాలర్లతోనో కాదు, యూనిఫాంలో గడిపిన రోజులతో.

యుద్ధంలో మామూలు సిపాయి జీతం నెలకు 30 డాలర్లు. ఆ రోజుల్లోనే ఊళ్లో ఉండి ఫ్యాక్టరీకి వెళ్లినవాడు దానికంటే చాలా ఎక్కువ సంపాదించాడు. తిరిగొచ్చిన సిపాయిలు ఆ లోటు పూడ్చమన్నారు. 1924 మేలో కాంగ్రెస్ చట్టం చేసింది. దేశంలో పనిచేసిన రోజుకు డాలరు, సముద్రం అవతల పనిచేసిన రోజుకు డాలరుంపావు. మొదటి 60 రోజులు లెక్కలోకి రావు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన 60 డాలర్లతో అవి చెల్లు. ఎంత పనిచేసినా గరిష్ఠంగా దేశంలో ఉన్నవాడికి 500, విదేశం వెళ్లినవాడికి 625 డాలర్లు. మొత్తం 50 డాలర్ల లోపైతే అప్పుడే చేతికి. అంతకు మించితే పావు వంతు కలిపి, వడ్డీ కట్టి, బాండు రాసిస్తారు. 400 డాలర్లు జమ ఉన్నవాడి బాండు విలువ రమారమి వెయ్యి డాలర్లు. డబ్బు చేతికొచ్చేది మాత్రం 1945లో!

ఈలోగా సిపాయి పోతే పూర్తి సొమ్ము వారసులకు వెంటనే ఇస్తారు. అందుకే జనం దీన్ని ‘సమాధిరాయి బోనస్’ అన్నారు. డీఏ బకాయిలు చేతికివ్వకుండా పీఎఫ్‌లో వేస్తామన్నప్పుడు మన ఉద్యోగుల ముఖాలు గుర్తు చేసుకోండి.

అధ్యక్షుడు కూలిడ్జ్‌కి ఈ చట్టం మింగుడుపడలేదు. కొనుక్కున్న దేశభక్తి దేశభక్తి కాదని వీటో చేశాడు. కాంగ్రెస్ ఆ వీటోను తోసేసింది. ముప్ఫై లక్షలకు పైగా బాండ్లు ఇళ్లకు చేరాయి.

ఎడిటర్ గారు అడిగిన చరిత్ర ఈ ఒక్క పేరాలో చదివేయండి. 1898లో స్పెయిన్‌ని ఓడించి అమెరికా ప్యూర్టోరికో, గువామ్, రెండు కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ తీసుకుంది. అదే ఏడు హవాయిని కలుపుకుంది. ఇంట్లో ఊడ్చుకోవడమూ అప్పుడే మొదలైంది: 1906లో కల్తీ తిండి, కల్తీ మందుల మీద చట్టం, 1913లో ఆదాయపు పన్ను, ఫెడరల్ రిజర్వ్, 1920లో దేశమంతటా స్త్రీలకు ఓటు. మధ్యలో 1917 ఏప్రిల్‌లో యుద్ధంలో దిగింది. 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి పనిచేయగలిగిన నలుగురిలో ఒకరికి పనిలేదు.

ఇక్కడే మన కాగితం మళ్లీ లేస్తుంది. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. పెట్టెలో మాత్రం వెయ్యి డాలర్ల బాండు ఉంది. 1931లో దాని విలువలో సగం దాకా అప్పు తీసుకోవచ్చన్నారు, అధ్యక్షుడు హూవర్ వీటోను కాదని. తన బాకీ మీద తనే అప్పు తెచ్చుకుని, దానికి తనే వడ్డీ కట్టడం! మిగతా సగం కూడా ఇప్పుడే ఇచ్చేయాలని టెక్సస్ సభ్యుడు రైట్ ప్యాట్‌మన్ బిల్లు పెట్టాడు.

1932 మేలో ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో వాల్టర్ వాటర్స్ అనే మాజీ సార్జెంట్ కదిలాడు. పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పని పోయినవాడు. వెంట మూడు వందల మంది. టికెట్టుకు డబ్బుల్లేవు, గూడ్సు బళ్లెక్కారు. వార్త ముందే పాకింది, దారులన్నీ వాషింగ్టన్ పట్టాయి. జూన్ గడిచేసరికి పెళ్లాం పిల్లలతో కలిపి దాదాపు ఇరవై వేల మంది.

పెద్ద గుంపు అనకోస్టియా నది ఒడ్డు బురదనేలలో దిగింది. ప్యాకింగ్ పెట్టెలు, తుప్పు రేకులు, పాత కారు తలుపులతో గుడిసెలు. లోపలికి రావాలంటే సైన్యం ఇచ్చిన డిశ్చార్జి కాగితం చూపించాలి. తాగకూడదు, అడుక్కోకూడదు. సొంత పత్రిక ఉంది, పుస్తకాల డేరా ఉంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్క గుడిసెల్లో ఉన్నారు. రెజిమెంట్లే రంగును బట్టి వేరుగా ఉన్న దేశంలో ఇది. రాయ్ విల్కిన్స్ ‘ది క్రైసిస్’ పత్రికకు ఆ సంగతే ప్రత్యేకంగా రాశాడు. పోలీసు అధిపతి పెల్హామ్ గ్లాస్‌ఫోర్డ్ మోటారు సైకిలు మీద తిరుగుతూ సొంత జేబులోంచి తిండికి ఇచ్చాడు. ఈ కథలో నాకు నచ్చిన ఒకే ఒక్క అధికారి.

జులైలో స్మెడ్లీ బట్లర్ వచ్చి గట్టిగా నిలబడమన్నాడు. ఫిలిప్పీన్స్, చైనా, నికరాగువా, హైతీ... అమెరికా జెండా పట్టుకుని వెళ్లిన ప్రతిచోటికీ వెళ్లిన మెరైన్ జనరల్ ఆయన. ఆ యుద్ధాల లాభం ఎవరిదో తర్వాత పుస్తకమే రాశాడు.

అంతకుముందే, జూన్ 15న ప్రతినిధుల సభలో ప్యాట్‌మన్ బిల్లు నెగ్గింది. 17న సెనేట్‌లో 62 – 18తో ఓడింది. క్యాపిటల్ మెట్ల కింద వేలమంది కాచుకుని ఉన్నారు. కబురు విని ‘అమెరికా’ పాట పాడి వెనక్కి మళ్లారు. రాళ్లు పడలేదు. ఇళ్లకు పోయేవాళ్లకు కాంగ్రెస్ రైలు ఛార్జీలిచ్చింది, అప్పుగా. దాన్నీ ఆ బాండులోంచే కోసుకుంటారు.

జులై 28న పెన్సిల్వేనియా అవెన్యూలోని పాత భవనాలు ఖాళీ చేయించేటప్పుడు పోలీసు కాల్పుల్లో విలియం హుష్కా, ఎరిక్ కార్ల్‌సన్ పోయారు. హుష్కా లిథువేనియా నుంచి వలస వచ్చినవాడు. 1917లో సెయింట్ లూయిస్‌లో తన మాంసం కొట్టు అమ్ముకుని సైన్యంలో చేరాడు.

ఆ సాయంత్రం సైన్యం దిగింది. ముందు గుర్రపుదళం, వెనక ఆరు ట్యాంకులు, బాష్పవాయువు. నడిపింది సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్. ఆయన తండ్రి ఆర్థర్ మెకార్థర్ ఫిలిప్పీన్స్‌కి సైనిక గవర్నర్‌గా చేసినవాడు. పక్కన సహాయకుడిగా మేజర్ ఐసెన్‌హోవర్. అనకోస్టియా వంతెన దాటొద్దని హూవర్ పంపిన కబురు అందిందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మెకార్థర్ మాత్రం దాటాడు. రాత్రికి అనకోస్టియా గుడిసెలు తగలబడిపోయాయి. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. నవంబరులో హూవర్ ఓడిపోయాడు. ఓటమికి మాంద్యమే పెద్ద కారణం, ఫొటోలు దానికి తోడయ్యాయి.

తర్వాత అధ్యక్షుడిగా రూజ్‌వెల్ట్ వచ్చి అంతా చక్కబెట్టాడని రాస్తే కథ అందంగా ఉంటుంది. కానీ బోనస్ విషయంలో ఆయనా వీటోనే చేశాడు, రెండుసార్లు. మాజీ సిపాయిల్లో కొందరిని ఫ్లోరిడా దీవుల్లో రోడ్డు పనికి పంపారు. 1935 సెప్టెంబరు తుపానులో 250 మందికి పైగా కొట్టుకుపోయారు. చివరికి 1936 జనవరిలో కాంగ్రెస్ రెండో వీటోను కొట్టేసింది. జూన్ 15 నుంచి సిపాయిలకు 50 డాలర్ల బాండ్లు అందాయి. అన్న గడువుకు తొమ్మిదేళ్లు ముందే.

1944లో, రెండో యుద్ధం ముగియకముందే, కాలేజీ ఫీజులు, ఇంటి రుణాలు, నిరుద్యోగికి ఏడాది పాటు వారానికి 20 డాలర్లు ఇస్తూ సిపాయిల కోసం జీఐ బిల్ అనే చట్టం చేశారు. అనకోస్టియా మంట కళ్లముందు లేకపోతే ఇంత తొందర పడేవారు కాదని నా అనుమానం. 78 లక్షల మంది దానితో చదువో పనో నేర్చుకున్నారు. అమలు స్థానిక అధికారుల చేతుల్లో పెట్టడంతో దక్షిణాది నల్ల సిపాయికి మాత్రం బ్యాంకు తలుపులు తెరుచుకోలేదు.

బాక్స్ 1: ప్రాణం పోసినవాడు

1918లో ఫ్రాన్స్‌లోని ఆర్గాన్ పోరులో సైన్యాధికారి జార్జ్ ప్యాటన్ గాయపడితే లాగి కాపాడినవాడు జో ఏంజెలో, న్యూజెర్సీలోని క్యామ్‌డెన్ వాసి. అందుకు పతకం ఇచ్చారు. 1931లో పనిలేక, బోనస్ కోసం కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పడానికి వాషింగ్టన్‌కు నడిచే వచ్చాడు. 1932 జులై 28న వీధిలో దూసుకెళ్లిన గుర్రపుదళంలో ప్యాటన్ ఉన్నాడు. ఏంజెలో చూడటానికి వస్తే పంపించేయమన్నాడు.

బాక్స్ 2: మనవాడు ఒకడు

బోనస్ చట్టం వచ్చిన 1924 మేలోనే ఆసియా వలసలకు తలుపు మూసిన చట్టమూ వచ్చింది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లగలిగింది 1965 చట్టం తర్వాతే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ తిండ్. 1918 డిసెంబరులో యూనిఫాంలోనే వెళ్లి పౌరసత్వం తీసుకున్నాడు. నాలుగు రోజుల్లో వెనక్కి లాక్కున్నారు. 1920లో ఓరెగాన్ కోర్టు మళ్లీ ఇచ్చింది. 1923లో సుప్రీంకోర్టు అతను తెల్లవాడు కాదని తేల్చింది, అదీ పోయింది. మొదటి యుద్ధంలో పనిచేసిన ఆసియావాళ్లకు వీలు కల్పిస్తూ 1935లో చట్టం వచ్చాక, 1936లో న్యూయార్క్‌లో ఇచ్చారు. తిండ్‌కి అమెరికా పౌరసత్వం ఇవ్వడం అది మూడోసారి.