చాటుగా మింగే మాత్రలు

ఆమెకు ఇరవై మూడేళ్లు. హైదరాబాదులో ఉద్యోగం, తెనాలిలో అమ్మా నాన్నా. పుట్టినప్పుడు అబ్బాయని అందరూ సంబరపడ్డారు. తను ఆడపిల్లనని ఆమెకు మాత్రం చిన్నప్పటినుంచీ తెలుసునట. కాలు వాచిందని నా దగ్గరకు వచ్చింది. ఎడమ పిక్క ఎర్రగా, వేడిగా ఉంది. "ఏమైనా మందులు వాడుతున్నావామ్మా?" అంటే తల వంచుకుంది. చాలాసేపటికి బ్యాగులోంచి గర్భనిరోధక మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టింది. రోజుకు మూడు చొప్పున, ఆరు నెలలుగా!

"డాక్టరుగారి దగ్గరకు వెళ్లలేకపోయావా?" అన్నాను. తిడతారని భయమట. ఆ మాటకు సిగ్గుపడవలసింది మేమే.

ఇలా మాత్రలు మింగుతున్నవారు ఈ పేజీ చదివేవారిలోనూ ఉండవచ్చు. మిమ్మల్ని మందలించడానికి రాయడం లేదు. మీకున్నది పిచ్చి కాదు. 2022 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. "మార్చేస్తాం" అంటూ వైద్యం చేయడం డాక్టరుకు వృత్తిపరమైన తప్పని మన జాతీయ వైద్య కమిషన్ కూడా 2022లో చెప్పింది. కనుక తల్లులారా, భూతవైద్యుడూ వద్దు, హడావుడిగా పెళ్లీ వద్దు. ఆ పెళ్లితో ఇంకొకరి బిడ్డ గొంతు కోసినవారవుతారు.

ఇక మాత్రల సంగతి. గర్భనిరోధక మాత్రల్లో సాధారణంగా ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్. మోతాదు మించితే రక్తం సిరల్లో గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. సిగరెట్ అలవాటుంటే మరీను. ఆ గడ్డ కాలినుంచి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా తెల్లవారేదాకా ఆగకండి. ఆసుపత్రికి వెళ్లి, ఏం మింగుతున్నారో దాచకుండా చెప్పండి.

హార్మోన్ నిపుణులు ఇచ్చేది ఈస్ట్రడయాల్. అది శరీరంలో సహజంగా ఉండే రకమే. తోడుగా పురుష హార్మోనును అణచే మందు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఇరవైల్లోకి వచ్చేశాం, ఆలస్యమైపోయిందని చాలామంది కంగారు పడతారు. రొమ్ముల ఎదుగుదల మూడు నుంచి ఆరు నెలల్లో మొదలవుతుంది, పూర్తి కావడానికి రెండు మూడేళ్లు. మాత్రలు రెట్టింపు చేస్తే ముందుగా రాదు! గొంతు ఈ మందులతో మారదు, సాధన చేయాలి. గడ్డానికి లేజరో, ఎలెక్ట్రాలిసిసో. బిడ్డలు కావాలన్న ఆశ ఏ మూలనైనా ఉంటే మందులు మొదలుపెట్టకముందే వీర్యం భద్రపరచుకోండి. తర్వాత అనుకుంటే అందకపోవచ్చు.

ఆ అమ్మాయికి డాప్లర్ స్కానులో గడ్డ తేలింది. రక్తం పలచబడే మందు మొదలుపెట్టాం. హార్మోన్ల మాట ఆ తర్వాతే అన్నాను. అప్పుడు కూడా మింగే మాత్ర కాకుండా చర్మానికి రాసుకునే జెల్ అయితే ముప్పు తక్కువ.

తెనాలినుంచి వాళ్లమ్మగారు రైలెక్కి వచ్చారు. ఏడుస్తారనుకున్నాను. చీటీ తీసుకుని, అద్దాలు పెట్టుకుని, "దీనికి ఈ మాత్ర అన్నం ముందా, తర్వాతా?" అని అడిగారు.