వీధి చివరికే కదా!

"ఇక్కడికేగా, రెండు నిమిషాల్లో వచ్చేస్తాను" అంటూ మీరు స్కూటరు తాళంచెవి తీసుకుంటారు. హెల్మెట్ మాత్రం మేకుకే వేలాడుతూ ఉంటుంది. ఊరు దాటితే పెట్టుకుంటారు, పోలీసులు కనబడితే పెట్టుకుంటారు. పాలపాకెట్టుకో, పిల్లవాణ్ణి బడిలో దింపడానికో అయితే అక్కర్లేదనుకుంటారు.

'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ కూడా దూరప్రయాణంలో పోలేదు. 1935 మే 13న ఇంగ్లండులో, తన ఇంటికి దగ్గర్లోనే, తపాలా ఆఫీసు నుంచి మోటారు సైకిలుపై తిరిగి వస్తున్నాడు. దారిలో సైకిళ్ళపై వెళుతున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి కన్నుమూశాడు. అతణ్ణి చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత ఇలాంటి తలగాయాలపై పరిశోధించి, 1941లో తన ఫలితాలు ప్రచురించారు. బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్ తప్పనిసరి కావడానికి ఆ కృషే తోడ్పడింది.

"నేను నెమ్మదిగానే పోతానండీ" అంటారా? ఆగి ఉన్న బండి మీద నుంచి పడినా, అయిదడుగుల ఎత్తు నుంచి తల నేలను తాకేసరికి దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది. కపాలం గట్టిదే, కాని లోపలి మెదడు మెత్తనిది. హెల్మెట్ పైడిప్ప దెబ్బను నలువైపులా పంచుతుంది. లోపలి థర్మోకోల్ పొర తాను నలిగి మెదడును కాపాడుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా మార్చెయ్యాలి.

గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి, తలకు సరిగ్గా పట్టేది కొనండి. వెనక కూర్చున్న ఇల్లాలిని మరవకండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో పోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే! నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. సైకిలు తొక్కే పిల్లలకు సైకిలు హెల్మెట్ అలవాటు చెయ్యండి. చీకటి పడితే ముందు దీపం, వెనక ఎర్రని రిఫ్లెక్టరు తప్పనిసరి.

ఇంకొక ముఖ్యమైన మాట. పడినవాడు లేచి, దుమ్ము దులుపుకుని, ఇంటికి వచ్చి కాఫీ తాగి పడుకుంటాడు. కొద్ది గంటల తరువాత లేపితే లేవడు! ఇలాంటి కేసు క్యాజువాలిటీలో డ్యూటీ చేసిన ప్రతి డాక్టరూ చూసే ఉంటాడు. కపాలానికీ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంటే, మొదట్లో మనిషి మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి తలకు దెబ్బ తగిలినవారిని కనీసం 24 గంటలు ఒంటరిగా వదలకండి. తలనొప్పి ఎక్కువవుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, కాలు చెయ్యి బలహీనపడినా, ఒక కంటిపాప పెద్దదైనా, ముక్కు చెవుల నుంచి నీరో రక్తమో కారినా ఆలస్యం చెయ్యకండి. 108కి ఫోను చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆస్పత్రికి చేర్చండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకండి.

విరిగిన కాలును మేము అతికించగలం. చితికిన మెదడును మునుపటిలా చెయ్యలేం. రేపు పొద్దున పాలపాకెట్టుకు బయలుదేరేటప్పుడు, తాళంచెవితోపాటు హెల్మెట్ కూడా తీసుకోండి. పట్టీ బిగించండి.