పేలుడు మందును పసిగట్టే సిలికాన్ పలుకు

కొల్లాపూర్ శాస్త్రజ్ఞుని బృందం కృషి - దిల్‌సుఖ్‌నగర్ నేర్పిన పాఠం

రంగారెడ్డి, నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ పట్నానికి గడప వంటివి. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ వైపు నుంచి సాగర్ రోడ్డున వచ్చేవారూ, చౌటుప్పల్ వైపు నుంచి విజయవాడ రోడ్డున వచ్చేవారూ ముందుగా కాలు పెట్టేది ఇక్కడే. పిల్లల చదువుల కోసం అద్దె గది వెతుక్కునేదీ ఇక్కడే. పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారానికి తరలిపోయే వరకు, కొల్లాపూర్ మామిడికాయల లారీలు వచ్చి ఆగింది కూడా ఈ రెండింటి నడుమ గల గడ్డిఅన్నారం యార్డులోనే.

అటువంటి రద్దీ కూడలిలో 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంత్రం కొద్ది నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. సైకిళ్ళకు అమర్చిన ఆ బాంబులకు 18 మంది బలైపోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. చదువుల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన యువకులు కూడా మృతులలో ఉన్నారు. ఈ కేసులో ఎన్.ఐ.ఏ. ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష విధించగా, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో దానిని ధ్రువపరచింది.

నేరం జరిగిన తరువాత శిక్షించడం న్యాయస్థానాల పని. జరగక ముందే సంచిలో ఏమున్నదో తెలుసుకొనడం ఎట్లా? ఇది శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న. ఈ ప్రశ్నకు ఎలక్ట్రానిక్ పలుకుతో జవాబు వెతికిన వారిలో ముఖ్యుడు మన పక్క జిల్లా వాడు కావడం విశేషం. ఆయనే కొల్లాపూర్‌కు చెందిన ఆచార్య వి. రాంగోపాల్ రావు.

కొల్లాపూర్ నుంచి బొంబాయి దాకా

కొల్లాపూర్ ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగాక నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. రాంగోపాల్ రావు వరంగల్‌లోని కాకతీయ ఇంజనీరింగ్ కళాశాల, కిట్స్‌లో 1986లో బి.టెక్. పూర్తి చేశారు. బొంబాయి ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివారు. జర్మనీలోని మ్యూనిక్‌లో 1997లో డాక్టరేటు పొందారు. కొంతకాలం అమెరికాలో పరిశోధన చేసి, తిరిగి వచ్చి బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య పదవి చేపట్టారు. 2005లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 2013లో ఇన్ఫోసిస్ బహుమతి ఆయనను వరించాయి. 2016లో ఢిల్లీ ఐ.ఐ.టి. డైరెక్టరయ్యారు. 2023లో పిలానీలోని బిట్స్ వైస్ ఛాన్సలర్ బాధ్యతలు స్వీకరించారు.

ఆయనా, ఆయన విద్యార్థులూ చేసిన పరిశోధన ఎక్కువగా అర్ధవాహకాల మీదనే. అర్ధవాహకమంటే ఏమిటి? రాగి తీగెలో కరెంటు ధారాళంగా పారుతుంది. పింగాణీలో అసలే పారదు. ఈ రెంటికీ నడిమి గుణం గలది సిలికాన్. చేలగట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయిలో ఉన్నది ఈ సిలికానే. రాయి నుంచి దానిని విడదీసి, వంద కోట్ల పరమాణువులలో ఒక్కటి కూడా పరాయిది లేనంతగా శుద్ధి చేస్తే గాని పనికి రాదు. ఆ తరువాత కావలసిన చోట కావలసినంత మేరకే వేరే పదార్థాన్ని చేర్చి, కరెంటును చెప్పినట్లు నడిపిస్తారు.

చెరువు తూము వంటిది

రేడియోను ‘ట్రాన్సిస్టర్’ అని పిలిచిన పెద్దలు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ట్రాన్సిస్టర్ అన్నది రేడియో లోపలి చిన్న భాగం పేరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ దానిని మొదటిసారి పనిచేయించి చూపారు. వారితోపాటు షాక్లీకి కూడా 1956లో నోబెల్ బహుమతి లభించింది.

దాని పని చెరువు తూము పని వంటిదే. తూము దగ్గర ఒక్క మనిషి కొద్దిగా పైకెత్తితే వందల ఎకరాలకు నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. ట్రాన్సిస్టర్‌లో స్వల్పమైన విద్యుత్తు ఒక చోట నిలిచి, పెద్ద ప్రవాహాన్ని వదలనూ గలదు, ఆపనూ గలదు. అటువంటి తూములను కోట్ల సంఖ్యలో గోరంత పలుకు మీద చెక్కడమే నేటి చిప్పుల పరిశ్రమ. తూము ఎంత చిన్నదైతే, మూసినా కారిపోయే కరెంటు అంత ఎక్కువవుతుంది. ఆ కారడాన్ని ఎట్లా అరికట్టాలన్నదే రాంగోపాల్ రావు బృందం తొలినాళ్ళలో చేపట్టిన పరిశోధన.

తడిసిన పోస్టుకార్డులా

చిప్పులు చెక్కే ఈ పనితనంతోనే వేరొక పని కూడా చేయవచ్చునని ఆ బృందం తలచింది. కంటికి ఆనని సన్నని పలకను తయారు చేస్తారు. ఒక కొస అతికి ఉంటుంది, రెండో కొస గాలిలో తేలుతూ ఉంటుంది. పలకకు ఒక వైపున మాత్రం పేలుడు మందు అణువులను పట్టుకునే పూత పూస్తారు. గాలిలో ఆ అణువులుంటే వచ్చి పూతకు అంటుకుంటాయి. పోస్టుకార్డు ఒక వైపే తడిస్తే వంకర తిరుగుతుంది కదా! ఆ పలక కూడా అదే విధంగా వంగుతుంది. వంగినది ఆవగింజలో వెయ్యో వంతు కాకపోయినా, పలకలోనే పొదిగి ఉంచిన విద్యుత్ పొర ఆ మార్పును కనిపెట్టి చెబుతుంది.

ఈ విధమైన పరిశోధనల నుంచి బొంబాయి ఐ.ఐ.టి.లో నానోస్నిఫ్ టెక్నాలజీస్ అనే సంస్థ పుట్టింది. అది రూపొందించిన నానోస్నిఫర్ యంత్రాన్ని ఢిల్లీ ఐ.ఐ.టి.తో సంబంధం గల వేహంట్ టెక్నాలజీస్‌తో కలిసి 2021 ఏప్రిల్‌లో విడుదల చేశారు. అనుమానం కలిగిన సంచినో, చేతినో ఒక చిన్న పట్టీతో తుడిచి యంత్రంలో పెడతారు. పది సెకండ్ల లోపే ఫలితం తెలుస్తుంది. నానోగ్రాము, అనగా గ్రాములో నూరు కోట్ల వంతు మేరకు ఉన్న పదార్థాన్ని కూడా పసిగడుతుంది. సైన్యం వాడే మందునే కాక, దొంగచాటుగా ఇండ్లలో కలిపే మందును కూడా గుర్తిస్తుంది. అంతవరకు ఇటువంటి యంత్రాలకు మన దేశం ఎక్కువగా విదేశాల మీదనే ఆధారపడింది.

ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ప్రారంభమైంది. స్టేషన్లలో ప్రయాణికులు సంచులను ఎక్స్‌రే యంత్రం గుండా పంపవలసి ఉంటుంది. ఎక్స్‌రే వస్తువు ఆకారాన్ని చూపుతుంది. ఆ వస్తువు దేనితో తయారైనదో చెప్పడానికి ఇటువంటి వాసన పట్టే యంత్రం అవసరం. పోలీసు కుక్క ఈ పనిని చక్కగా చేస్తుంది గాని, కొంతసేపటికి అలసిపోతుంది. యంత్రానికి ఆ బాధ లేదు.

అయితే యంత్రమున్నంత మాత్రాన భయం లేదనుకోరాదు. ముందుగా సంచిని తుడవాలి, అందుకు సంచిని ఆపే ద్వారముండాలి. దిల్‌సుఖ్‌నగర్ బజారుకు ద్వారమేదీ? రోడ్డు పక్కన నిలిపిన సైకిలును తుడిచి చూసేదెవరు? అందుచేత దిక్కులేని సంచి, సైకిలు కనబడితే పోలీసులకు చెప్పే మనిషి కన్నుకు నేటికీ మారు లేదు.

గానుగెద్దులా తిరిగే కాంతి

కరెంటుకు బదులు కాంతినే సిలికాన్‌లో నడిపించడం దీని తరువాతి మెట్టు. మన కంటికి కనిపించే వెలుగు సిలికాన్ గుండా పోలేదు. కంటికి కనిపించని పరారుణ కాంతికి మాత్రం అది గాజు వలె దారి ఇస్తుంది. ఫోను మాటలను, బొమ్మలను మోసుకొనిపోయే గాజు తీగెలలో పారేది కూడా ఈ కాంతే. 1980లలో అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ సోరెఫ్ సిలికాన్‌తో కాంతి చిప్పులు చేయవచ్చునని దారి చూపాడు. తల వెంట్రుక మందంలో నూరో వంతు కన్న సన్నని సిలికాన్ గీతలు చెక్కితే, కాలువలో నీరు పారినట్లు కాంతి వాటి వెంట పోతుంది, మలుపు తిప్పితే తిరుగుతుంది.

ఆ గీతను గుండ్రంగా చుట్టితే కాంతి గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది. చక్రం మీద ఏదైనా అణువు వచ్చి వాలితే, ఆ చక్రంలో నిలిచే కాంతి రంగు రవంత మారుతుంది. ఆ మార్పును బట్టి వాలినదేమిటో తెలుసుకొనవచ్చు. పలక వంగడానికి బదులు ఇక్కడ కాంతి మారుతుంది, అంతే తేడా. రక్తంలోని రోగ లక్షణాలను పట్టుకోవడానికి కూడా ఈ పద్ధతి మీద ప్రపంచమంతటా పరిశోధనలు సాగుతున్నాయి. మన దేశంలో మద్రాసు ఐ.ఐ.టి.లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ సహాయంతో సిలికాన్ కాంతి చిప్పుల పరిశోధనకు ప్రత్యేక కేంద్రం నెలకొన్నది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోనూ ఈ పని జరుగుతున్నది.

సిలికాన్‌కు ఒక లోపమున్నది. అది కాంతిని నడిపించగలదు గాని, తానుగా వెలిగించలేదు. వెలిగించేందుకు వేరే అర్ధవాహకాన్ని తెచ్చి అతికించవలసి వస్తుంది. ఈ అతుకు పని శాస్త్రజ్ఞులకు నేటికీ కష్టసాధ్యంగానే ఉన్నది.

పొలానికీ ఉపయోగమే

బొంబాయి ఐ.ఐ.టి. బృందాల పరిశోధన పట్నం భద్రతకే పరిమితం కాలేదు. అక్కడ రూపుదిద్దుకొన్న సాయిల్‌సెన్స్ అనే పరికరాన్ని పొలంలో పాతితే మట్టిలోని తేమను, మట్టి వేడిని కొలుస్తుంది. గాలిలోని తేమను, వేడిని కూడా గమనిస్తుంది. పైరుకు నీరెప్పుడు పెట్టాలో ఫోను ద్వారా రైతుకు తెలియజేస్తుంది. బోరు నీటితో పంట తీసే మెట్ట ప్రాంతాలకు దీని విలువ వేరుగా చెప్పనవసరం లేదు. పేలుడు మందును పట్టే పలుకు, తేమను కొలిచే పలుకు ఒకే విద్యకు పుట్టినవి.

చదువుకునే పిల్లలకు

ఈ విద్యకు మన ప్రాంతం కొత్త కాదు. మొగల్లుకు చెందిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసింది. ఎల్.బి.నగర్ నుంచి ఉప్పల్ మీదుగా పోతే కుషాయిగూడలో ఆ కర్మాగారం ఉన్నది. దానికి చేరువనే చర్లపల్లిలోని సి-మెట్ ప్రయోగశాలలో ఎలక్ట్రానిక్ పరిశ్రమకు కావలసిన అతి శుద్ధ పదార్థాల మీదా, పాడైన ఎలక్ట్రానిక్ సామాను నుంచి లోహాలను రాబట్టడం మీదా పరిశోధన జరుగుతున్నది.

పిల్లవానిని దిల్‌సుఖ్‌నగర్ పంపే తండ్రి సాధారణంగా ఒకే ఆలోచన చేస్తాడు: మూడు నెలల కంప్యూటరు కోర్సు, ఆ వెంటనే ఉద్యోగం. అది తప్పు కాదు. ఇంటి అవసరాలు అటువంటివి. కాని కంప్యూటరుకు పని చెప్పడం ఒక చదువైతే, కంప్యూటరు గుండెను తయారు చేయడం మరొక చదువు. దానికి భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, లెక్కలు గట్టిగా రావాలి. ఇంజనీరింగ్ కాని, ఎం.ఎస్‌సి. కాని పూర్తి చేసి, గేట్ పరీక్ష రాసి, ఐ.ఐ.టి.లలో పై చదువులకు పోవచ్చు. అర్హులకు ప్రభుత్వ ఉపకార వేతనం లభిస్తుంది. చిన్న కళాశాలల్లో ఖరీదైన యంత్రాలు లేవని నిరాశ పడనక్కరలేదు. బయటి కళాశాలల పరిశోధకులకు ఐ.ఐ.టి.ల ప్రయోగశాలల్లో శిక్షణ ఇచ్చి, వారి చేత చిప్పులు చేయించే ఐ.ఎన్.యు.పి. అనే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించింది.

ఈ మార్గం దీర్ఘమైనది. డాక్టరేటు చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది, అన్నేళ్ళు ఇంటివారు ఓపిక పట్టవలసి ఉంటుంది. కళాశాల అధ్యాపకులు, గ్రామ పెద్దలు చదువులో ముందున్న పిల్లలకు ఈ మార్గమొకటి ఉన్నదని చెప్పి, వారి తల్లిదండ్రులకు నచ్చజెప్పడం ఎంతైనా అవసరం. కొల్లాపూర్ నుంచి వరంగల్ కళాశాలకు పోయిన విద్యార్థి ఈ దారినే నడిచాడు. ఇబ్రహీంపట్నం, యాచారం పిల్లలకు కూడా ఆ దారి తెరిచే ఉన్నది.