పాత వాహనాల కాలుష్య పరీక్ష వైఫల్యం

వాహనం విడిచే పొగలోని హానికర పదార్థాలు కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 లోని 115వ నియమం నిర్దేశించిన పరిమితిని దాటినట్లు కొలతలో తేలడాన్ని కాలుష్య పరీక్ష వైఫల్యం అంటారు. పరీక్షలో నెగ్గిన వాహనానికి ఇచ్చే కాలుష్య నియంత్రణ ధ్రువపత్రానికి వాడుకలో పొల్యూషన్ సర్టిఫికెట్ అని పేరు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఏపీ-15, ఏపీ-01 సంఖ్యలతో ఇప్పటికీ తిరుగుతున్న బండ్లన్నీ తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014కు, లేదా అంతకు ముందు కాలానికి చెందినవి. వీటిలో కార్బురేటర్ గల మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, మోపెడ్లు, ఆటోలు, పాత డీజిల్ జీపులు ఉన్నాయి. పరీక్ష తప్పినంత మాత్రాన ఇంజను పాడైపోయినట్లు కాదు. యంత్రం చూపిన అంకెలలో ఏది పెరిగిందో గమనిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

వర్తించే పరిమితి

పరిమితి అన్ని వాహనాలకు ఒకటి కాదు. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల భాగాలలో 9000 భాగాలు మించరాదు. ఆ తరువాత, భారత్ స్టేజ్-4 కంటే ముందు వచ్చిన వాటికి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు టూ-స్ట్రోక్ ఇంజనుకు 6000, ఫోర్-స్ట్రోక్ ఇంజనుకు 4500. పెట్రోలు కార్లలో భారత్ స్టేజ్-2కు ముందువాటికి 3 శాతం, 1500. స్టేజ్-2, స్టేజ్-3 కార్లకు 0.5 శాతం, 750. స్టేజ్-4 కార్లకు 0.3 శాతం, 200.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ఇక్కడ ఒక చిక్కును గమనించాలి. కార్లకు స్టేజ్-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాలలో మొదలైంది. దేశమంతటికీ వర్తించినది 2017 ఏప్రిల్ 1 నుండి. అందువలన 2010లో హైదరాబాదులో అమ్ముడైన కొత్త మోడలు కారుకు 0.3 శాతం పరిమితి ఉంటే, అదే ఏట కరీంనగర్‌లో అమ్ముడైన స్టేజ్-3 కారుకు 0.5 శాతం ఉంటుంది. 0.4 శాతం అన్న ఒకే అంకె ఒక కారును గట్టెక్కిస్తుంది, మరొకదానిని ఆపుతుంది. పరీక్ష చేసేవారు వాహనం ప్రమాణాన్ని సరిగా నమోదు చేశారో లేదో చూడడమే మొదటి పని.

పెట్రోలు వాహనాలలో కారణాలు

పెట్రోలు వాహనాన్ని ఐడ్లింగులో ఉంచి, సైలెన్సర్ గొట్టంలోకి కొలత సాధనం కడ్డీని దూర్చి పరీక్షిస్తారు. ఇంజను బాగా వేడెక్కి ఉండాలి. ఆదిలాబాద్‌లో చలికాలపు ఉదయం ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తక్కువకు పడిపోతుంది. అప్పుడు చోక్ లాగి బండి తీసి, దానిని పూర్తిగా మూయకుండానే పరీక్షకు వెళితే కార్బన్ మోనాక్సైడ్ పెరిగి కనిపిస్తుంది. ఇది లోపమే కాదు, పది నిమిషాలు నడిపి చోక్ మూస్తే సరిపోతుంది.

వేడి ఇంజనులో కూడా కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే, గాలికి మించి పెట్రోలు వెళుతున్నదని అర్థం. ముందుగా చూడవలసినది ఎయిర్ ఫిల్టర్. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి వంటి బొగ్గు గనుల ప్రాంతాలలోను, కరీంనగర్ పరిసరాల గ్రానైట్ క్వారీల దారులలోను తిరిగే బండ్లకు కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతుంది. ఆ తరువాత కార్బురేటర్‌లోని ఫ్లోట్, సూది, అరిగిన జెట్ చూడాలి.

హైడ్రోకార్బన్లు పెరిగితే పెట్రోలు కాలకుండానే బయటికి పోతున్నది. అరిగిన ప్లగ్గు, బలహీనమైన కాయిల్, తప్పిన టైమింగు, సరిగా మూసుకోని వాల్వు ఇందుకు కారణాలు. టూ-స్ట్రోక్ బండ్లలో ఆయిలు పాలు కూడా చూడాలి. "ఇంజనుకు మంచిది" అని చెప్పినదానికి రెట్టింపు ఆయిలు పోసే అలవాటు పొగను పెంచి, సైలెన్సర్‌లో మసి పేరుస్తుంది. కిరోసిన్ కలిపిన పెట్రోలు కూడా ఇదే ఫలితాన్నిస్తుంది.

స్టేజ్-2, ఆ పై కార్లలో రెండు అంకెలూ కలిసి పెరిగితే ఉత్ప్రేరక కన్వర్టరును, ఆక్సిజన్ సెన్సారును అనుమానించాలి. కన్వర్టరులో పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు ఉంటాయి గనుక దానిని తీసి అమ్ముకుని, ఆ చోట ఉత్త గొట్టం అతికించిన కార్లు కూడా ఉంటాయి. అటువంటి కారుకు ఎంత ట్యూనింగు చేసినా ప్రయోజనం ఉండదు.

డీజిల్ వాహనాలు

డీజిల్ పరీక్షలో గేరు వేయకుండా యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కి, వెలువడే పొగ సాంద్రతను కొలుస్తారు. స్టేజ్-4కు ముందు వాహనాలకు పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు, స్టేజ్-4 వాటికి 50. నల్ల పొగకు మూసుకుపోయిన ఫిల్టర్, కారుతున్న నాజిళ్ళు, లేదా లాగుడు పెరగాలని ఎక్కువ డీజిల్ వచ్చేలా తిప్పిన పంపు కారణం. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్లు. ఆ బండికి రింగులు, బోరింగు పని తప్పదు.

స్క్రూ తిప్పడం

పరీక్షకు ముందు కార్బురేటర్ స్క్రూను తిప్పి పెట్రోలు తగ్గించి, తరువాత యథాస్థానానికి తేవడం మెకానిక్ షాపులలో తెలిసిన ఉపాయమే. కార్బన్ మోనాక్సైడ్ అంకె తగ్గుతుంది గాని, మిశ్రమం మరీ పలుచనైతే ఇంజను మిస్ఫైరై హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. పైగా ఆ స్క్రూ ఐడ్లింగుకు మాత్రమే సంబంధించినది. బండి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు వచ్చేది మెయిన్ జెట్ నుండి కాబట్టి ధ్రువపత్రం చేతికి వచ్చినా పొగ మాత్రం అలాగే ఉంటుంది. ఆ పొగను ముందుగా పీల్చేది వెనుక వచ్చే సైకిలువాడు, సందు మొదటి ఇంటివారు.

తిరస్కరణ చీటీ, చట్టం

2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఒకే నమూనా ధ్రువపత్రాన్ని, దానితోపాటు పరీక్ష తప్పిన వాహనానికి ఇవ్వవలసిన తిరస్కరణ చీటీని ప్రవేశపెట్టింది. నమోదైన అంకెలు చీటీలో ఉంటాయి గనుక దానిని అడిగి తీసుకుని మెకానిక్‌కు చూపడం మంచిది. యంత్రంపైనే అనుమానం ఉంటే ఆ చీటీతో వేరే కేంద్రంలో పరీక్ష చేయించుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షనుకు 2019లో చేసిన సవరణ ప్రకారం మొదటి నేరానికి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ధ్రువపత్రం లేనిదే బీమా పునరుద్ధరించరాదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో ఆదేశించి, 2024 జూలైలో ఆ షరతును తొలగించింది. అయితే ధ్రువపత్రం కలిగి ఉండవలసిన బాధ్యత మాత్రం తొలగలేదు. స్టేజ్-4కు ముందు వాహనాలకు దాని గడువు ఆరు నెలలు. స్టేజ్-4, ఆ పై వాటికి ఒక సంవత్సరం.